పళ్ళు కనపడని గోడ

వెర్డెల్ హార్‌గ్రోవ్ టీచరు వీధిలోకి అడుగుపెడితే కుక్కలు కూడా తిన్నగా నడిచేవని కాల్టన్‌లో ఒక మాట ఉంది. అందులో కాస్త అతిశయం ఉందేమో గానీ అబద్ధం లేదు. ఆ ఊళ్ళో మూడో తరగతి గట్టెక్కిన నల్లపిల్లలు ఎవరైనా సరే ఆవిడ బెత్తం కింద నుంచి వచ్చినవాళ్ళే. మీసాలొచ్చి, పొట్టలొచ్చి, పోలీసు ఉద్యోగాలు వెలగబెడుతున్నవాళ్ళు కూడా ఆవిడ ఎదురైతే నోట్లో నములుతున్నది గుటుక్కున మింగేస్తారు.

ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగే గుండె ఊళ్ళో ఒక్క ఓజెల్లాకే ఉండేది. అడిగింది కూడా. "నేను దిద్దలేనివాడితో వేగలేను, నేను దిద్దితే మారిపోయేవాణ్ణి గౌరవించలేను" అని వెర్డెల్ జవాబు. ఓజెల్లా ఆ మాట చెప్పుకుని వారం రోజులు నవ్వింది. నవ్వడానికి ఆమెకి కారణం చిక్కితే చాలు. కొందరికి కోపం ముక్కు మీద ఉంటుంది, ఓజెల్లాకి నవ్వు ఉండేది.

వెర్డెల్ ఉద్యోగంలో చేరిన రోజుల్లో జార్జియా రాష్ట్రంలో మన బడి వేరు, తెల్లవాళ్ళ బడి వేరు. అక్కడ చిరిగి, పిచ్చిగీతలు గీయించుకుని, పనికిరావనుకున్న పుస్తకాలు ఇక్కడికి వచ్చేవి. వాటిలో నల్లమనిషి బొమ్మ ఎక్కడైనా ఉంటే అది పత్తి చేలో వంగిన వీపే, మొహం ఉండేది కాదు. మొహాలు అంగళ్ళలో ఉండేవి. పిండి డబ్బాల మీద, ఉప్పు బుడ్ల మీద, బిస్కెట్ల జాడీల మీద, తలగుడ్డ చుట్టుకుని, ఉన్న పళ్ళన్నీ బయటపెట్టి ఇకిలించే లావుపాటి నల్ల ఆడమనిషి. ఆ జాడీకి ఆమె తలే మూత. తెల్లవాళ్ళ పిల్లలు తల ఎత్తి చెయ్యి లోపల పెట్టి బిస్కెట్టు తీసుకునేవాళ్ళు. ఆ జాడీ కనపడితే వెర్డెల్‌కి అరికాలి మంట నెత్తికెక్కేది.

అందుకే ఫిబ్రవరిలో మన చరిత్ర వారం వచ్చేసరికి ఆవిడ పంతం పట్టింది. మాంసం కొట్టువాణ్ణి అడిగి పొట్లాలు కట్టే మందపాటి గోధుమరంగు కాగితం చుట్ట తెచ్చుకుంది. బొగ్గుతోనూ రంగు సుద్దలతోనూ నిలువెత్తు బొమ్మలు గీయడం మొదలుపెట్టింది. బానిసల్ని చీకట్లో నడిపించి ఉత్తరానికి చేర్చిన హారియెట్ టబ్మన్. సభల్లో లేచి నిలబడి మగవాళ్ళ నోళ్ళు మూయించిన సోజర్నర్ ట్రూత్. ఇక్కడ ఎవరూ నేర్పమంటే సముద్రం దాటి వెళ్ళి విమానం నడపడం నేర్చుకున్న బెస్సీ కోల్మన్. బడి కట్టిన మేరీ బెథూన్. తప్పు గీస్తే ఎండు రొట్టెముక్కతో రుద్ది చెరిపేది. సుద్ద రాలిపోకుండా చివర్లో జుట్టుకి కొట్టుకునే స్ప్రే కొట్టేది. అందుకని ఆ తరగతి గదిలోకి వెళితే ఫిబ్రవరి అంతా పార్లర్ వాసన వేసేది.

మేరీ బెథూన్ ఫొటో పేపర్లో దొరికింది. మిగతావాళ్ళ ఫొటోలు ఎక్కడో ఉండే ఉంటాయి, కాల్టన్ దాకా రాలేదు. ఊళ్ళో లైబ్రరీ ఉంది గానీ దాని మెట్లు మనం ఎక్కకూడదు. అందుకని వెర్డెల్ మొహాలు అరువు తెచ్చుకుంది. చర్చి సంఘంలో అందరికన్నా పొడుగాటి ఆమెని కూర్చోబెట్టి సోజర్నర్‌ని గీసింది. ఐసు అమ్మేవాడి పెళ్ళాన్ని బెస్సీని చేసింది. హారియెట్‌కి ఎవరూ కుదరక చూస్తుంటే, ఆ క్రిస్మస్‌కే పక్క జిల్లా నుంచి కాపరానికి వచ్చిన కొత్త కోడలు, బడి వంటింట్లో పనికి కుదిరిన ఓజెల్లా కంట్లో పడింది. వెడల్పు నుదురు, బలమైన భుజాలు, వచ్చేనాటికే కడుపుతో ఉంది. ఆదివారం ఆరాధన అయ్యాక ఆమెని తన ముందుగదిలో కుర్చీలో కూర్చోబెట్టింది.

ఆ గోడకి ఒకే నియమం. ఎవరి పళ్ళూ కనపడకూడదు. "జాడీల మీద మనల్ని చాలినంత ఇకిలింపజేశారు. నా గోడ మీద ఎవరూ నవ్వరు" అనేది వెర్డెల్. అలాగే జరిగింది. పెదవులు బిగించి, గడ్డాలు ఎత్తి, ఆ గోడ మీద ఆడవాళ్ళంతా ఎదురుగా ఉన్నవాణ్ణి లెక్క అప్పజెప్పమన్నట్టు చూసేవాళ్ళు. పిల్లలు అల్లరి చేస్తే వెర్డెల్ బెత్తం తీయనక్కర్లేదు, "హారియెట్ చూస్తోంది" అంటే చాలు.

తర్వాత బడులు కలిసిపోయాయి, పుస్తకాలు మారాయి. నగరంలో అచ్చేసిన నున్నటి పోస్టర్లు వచ్చాయి, అసలైన ఫొటోలతో. పిల్లలు అసలు హారియెట్‌ని చూసి "ఈవిడెవరు?" అన్నారు. వాళ్ళ తల్లిదండ్రులూ అదే అడిగారు. కాల్టన్‌లో రెండు తరాలకి హారియెట్ అంటే ఓజెల్లాయే. పోస్టర్లు అవతలి గోడకి వెళ్ళాయి. వెర్డెల్ రిటైరైనా ప్రతి ఫిబ్రవరి తన బొమ్మల చుట్ట చంకన పెట్టుకుని పాత గదికి వచ్చి తగిలించేది. వద్దనే ధైర్యం కొత్త హెడ్ మాస్టరుకి లేదు. అతనూ ఒకప్పటి మూడో తరగతే.

ఆ బొమ్మలకి ఇంకో ఆచారం కూడా పుట్టింది. సోజర్నర్‌గా కూర్చున్న పొడుగాటామె చనిపోయినప్పుడు ఇంట్లో మంచి ఫొటో లేక కొడుకులు వచ్చి బొమ్మ అడిగారు. శవపేటిక పక్కన నిలబెట్టారు. భూస్థాపన అయ్యాక, తిరిగి ఇమ్మని అడగడానికి నోరు రాక వెర్డెల్ "ఉంచుకోండి" అంది. అక్కణ్ణుంచి అదే పద్ధతి. మనిషి పోతే బొమ్మ కుటుంబంతో పోతుంది. ఒక్కొక్కరూ పోయారు. గోడ మీద ఖాళీలు పెరిగాయి. కొత్తవి గీయలేదు. గీయాలంటే ఎదురుగా ఒక మనిషి కూర్చోవాలి. ఆదివారం మధ్యాహ్నం ఒక ముసలమ్మ ముందు మూడు గంటలు ఊరికే కూర్చునే తీరిక ఇప్పుడు ఎవరికుంది? ఆ మధ్యాహ్నాల కోసమే తను ఇన్నేళ్ళు బొమ్మలు గీసిందేమోనని వెర్డెల్‌కి ఒక్కోసారి అనిపించేది. అనిపించగానే లేచి ఏదో ఒకటి తుడిచేది.

వీధి కూడా అలాగే ఖాళీ అయింది. రంపపు మిల్లు మూతపడ్డాక జనం అట్లాంటాకి, డెట్రాయిట్‌కి తరలిపోయారు. కిటికీలకి చెక్కలు కొట్టిన ఇళ్ళ మధ్య దీపం వెలిగేవి రెండే, ఎదురెదురుగా. ఒకటి వెర్డెల్‌ది, ఒకటి ఓజెల్లాది. ఓజెల్లా మొగుడు పాతికేళ్ళ కిందటే మిల్లులో పోయాడు, కూతురు రోనెట్ డెట్రాయిట్‌లో నర్సు. పొద్దున్నే ఓజెల్లా వంటింటి కిటికీ తెర పైకి లాగేది. ఇటు వెర్డెల్ కాఫీ కప్పుతో నిలబడి అది చూసి తన తెర లాగేది. అంతే, బతికున్నామని ఒకరికొకరు చెప్పుకోవడం. ఆదివారం వెన్న కేకులో సగం రోడ్డు దాటి వచ్చేది.

"ఏమే, ఈసారి పంచదార ఎక్కువేశావు" అనేది వెర్డెల్.

"నిన్ను మెత్తబరచడానికేలే. ముప్పై ఏళ్ళయినా ఉడకవు, ఏం గింజవో" అనేది ఓజెల్లా.

ఆ ఏడు ఫిబ్రవరి మొదటి మంగళవారం తెర లేవలేదు. కాఫీ చల్లారింది. వెర్డెల్ ఇంటి చెప్పులతోనే రోడ్డు దాటి, తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసింది. ఓజెల్లా మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. పిలిచినా లేవలేదు. వెర్డెల్ మంచం అంచున కూర్చుని ఆమె పాదాల మీద దుప్పటి సర్దింది. కాళ్ళకి చలి తగిలితే ఓజెల్లాకి పడదు. తర్వాత ఫోన్ దగ్గరికి వెళ్ళింది.

ఉత్తరాన ఉన్నవాళ్ళు రావాలి కాబట్టి భూస్థాపన శనివారానికి పెట్టారు. బుధవారం సాయంత్రానికి రోనెట్ కారు దిగింది. ముప్పై అయిదేళ్ళ మనిషి, తల్లి నుదురే, తల్లి భుజాలే. అంత్యక్రియల దుకాణం నడిపే లవెట్ అప్పటికే ఓజెల్లా ముందుగదిలో టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వెర్డెల్ కాఫీ పోస్తోంది.

"అమ్మా రోనెట్, కార్యక్రమం కాగితాలు శుక్రవారం అచ్చుకివ్వాలి. పైన వెయ్యడానికీ పేటిక పక్కన పెట్టడానికీ బొమ్మ సంగతి మనకి బాధ లేదనుకో. మీ అమ్మ హారియెట్ బొమ్మ ఉందిగా" అన్నాడు లవెట్.

"అది వద్దు" అంది రోనెట్.

కాఫీ పోస్తున్న చెయ్యి ఆగింది.

"కోప్పడకండి ఆంటీ. మీరు గొప్పగా గీశారు, కాదనను. కానీ అది హారియెట్. మూడో తరగతిలో ఫిబ్రవరి అంతా నేను ఆ బొమ్మ కింద కూర్చున్నాను. అమ్మ ఇంటి దగ్గర లేదు, ఆ గోడ మీద ఉంది, నన్ను తిడుతోంది అనిపించేది. మా అమ్మ ఒక్కనాడు అలా మొహం పెట్టలేదు. మా అమ్మ నవ్వేది ఆంటీ! వంటింట్లో నవ్వితే వీధి చివర తెలిసేది. నవ్వుతున్న బొమ్మ ఒక్కటి కావాలి నాకు."

"అలాంటి ఫొటో ఉంటే చూడమ్మా మరి" అన్నాడు లవెట్.

చూశారు. సొరుగులు వెతికారు, బైబిల్లో వెతికారు, పరుపు కింద కూడా వెతికారు. దొరికినవి కొన్నే. అన్నిట్లోనూ ఓజెల్లా పెదవులు బిగించి ఉంది, లేదంటే మొహం పక్కకి తిప్పి ఉంది. రోనెట్ పెళ్ళి ఫొటోలో అయితే విసనకర్ర మొహానికి అడ్డం పెట్టుకుంది.

"చూడండి, కూతురి పెళ్ళికొచ్చి ఎవర్నో పాతిపెట్టడానికొచ్చినట్టు" అంది రోనెట్. ఆ మాటకి తనే నవ్వబోయి ఏడ్చింది. తర్వాత వెర్డెల్ చెయ్యి పట్టుకుంది. "మీరు గీయండి ఆంటీ. మీకన్నా అమ్మని ఎక్కువ చూసినవాళ్ళు లేరు. కళ్ళు మూసుకుని గీయగలరు మీరు."

"గీస్తాను తల్లీ" అంది వెర్డెల్. ఎందుకు గీయలేదు? ముప్పై అయిదేళ్ళు ఎదురిల్లు.

గురువారం పొద్దున్నే బడికి వెళ్ళింది, హారియెట్ బొమ్మ దించి ముందు పెట్టుకుంటే నుదురూ దవడా కొలతకి వస్తాయని. పిల్లలు లేచి నిలబడ్డారు. ముందు వరసలో రెండు జడల లాట్రిస్ చెయ్యెత్తింది.

"మిస్ వెర్డెల్, హారియెట్ చచ్చిపోయిందట కదా?"

"ఎప్పుడో పోయింది తల్లీ. మీ ముత్తాతలప్పుడు."

"కాదు, మొన్న మంగళవారం పోయింది. మా నాయనమ్మ చెప్పింది. కేకులు చేసే హారియెట్."

గదిలో ఎవరూ నవ్వలేదు. పిల్లలకది అనుమానం లేని సంగతి. వెర్డెల్ "ఔను తల్లీ, ఆవిడే" అని బొమ్మ చుట్టుకుని బయటికి వచ్చేసింది. నడవా చివరిదాకా కూడా ఆగకుండా కళ్ళు తుడుచుకుంది. ఆవిడ బడిలో ఏడవడం అదే మొదలు.

ఇంటికొచ్చి బల్ల మీద కాగితం పరిచింది. నుదురు వచ్చింది. కళ్ళు వచ్చాయి. నోటి దగ్గరికి వచ్చేసరికి బొగ్గు తనంతట తనే గట్టిగా ఒక గీత గీసి ఊరుకుంది. హారియెట్. రొట్టెముక్కతో చెరిపింది. మళ్ళీ గీసింది, మళ్ళీ హారియెట్. బుగ్గలు పైకెత్తి గీస్తే చేదుమందు మింగిన హారియెట్ అయింది. పళ్ళు పెట్టి గీస్తే ఎవరో తెలియని మనిషి అయింది. వరసగా నాలుగు కాగితాలు పాడుచేసింది. వెర్డెల్‌కి భయం పట్టుకుంది. ఓజెల్లా నవ్వు చెవుల్లో స్పష్టంగా ఉంది. ముందు ఒక కీచు, తర్వాత రొప్పు, తర్వాత "అయ్యో దేవుడా" అంటూ కుర్చీ చెయ్యి మీద దబదబా బాదడం. కానీ ఆ నోరు? పళ్ళ మధ్య సందు ఉండేదా, లేదా? చిగుళ్ళు కనిపించేవా? రోజూ చూసిన మనిషి నోరు ఎలా ఉంటుందో తనకి తెలియదు!

ఇక కాళ్ళు ఈడ్చుకుంటూ జోనెల్ పార్లర్‌కి వెళ్ళింది. శనివారం భూస్థాపన అంటే గురు శుక్రవారాల్లో ఊళ్ళో ఆడవాళ్ళంతా అక్కడే. జుట్టు సాపుచేసే కాల్చిన ఇనప దువ్వెన పొగ, నూనె వాసన, తలల మీద డ్రయ్యర్ల రొద. జోనెల్ అందరికన్నా వయసులో చిన్నది, చేతిలో పనితనం అందరికన్నా పెద్దది. సాయంత్రం లవెట్ దగ్గరికి వెళ్ళి ఓజెల్లా జుట్టు కూడా తనే సర్దాలి.

"కూర్చోండి మిస్ వెర్డెల్. మీక్కూడా చేసేస్తా, ఆ ముడి చూస్తుంటే నా తలే నొప్పెడుతోంది" అంది జోనెల్.

"జుట్టుకి రాలేదు. ఓజెల్లా నవ్వితే ఎలా ఉండేదో చెప్పండి నాకు."

ఒక్క క్షణం అందరూ ఆవిడ మొహం చూశారు. ముసలామెకి మతి చెడిందనుకున్నట్టున్నారు. ముందు జోనెల్ తేరుకుంది. "అదెవరికి తెలీదు? ఇదిగో ఇలా" అని కీచుమంది, రొప్పింది, దువ్వెన పట్టుకున్న చెయ్యి ఎత్తి మణికట్టు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అలా కాదే, నీ మొహం" అంది డ్రయ్యర్ కింద నుంచి తల బయటపెట్టి సంఘం పాటల గుంపులో పాడే మోజెల్. "ముందు వెనక్కి వాలేది, తర్వాత ఇదిగో ఇలా." ఆమె చెయ్యీ లేచింది. అరచెయ్యి లోపలికి, వేళ్ళు ముక్కు దాకా.

"ఇద్దరూ తప్పే. ఎడమ చెయ్యి. కుడిచేత్తో బల్ల బాదేదిగా!" అంది ఇంకొకామె, ఎడమ చెయ్యి నోటికి పెట్టుకుని. పార్లర్ అంతా ఒక్కసారి ఓజెల్లా అయిపోయింది. ప్రతి ఒక్కరూ కీచుమంటున్నారు, రొప్పుతున్నారు, ప్రతి ఒక్కరి చెయ్యీ నోటి మీద ఉంది. నవ్వీ నవ్వీ కొందరు ఏడుస్తున్నారు.

వెర్డెల్ నవ్వలేదు. గుమ్మం దగ్గర కుర్చీలో కూలబడింది. "నీళ్ళు కావాలా మిస్ వెర్డెల్?" అని జోనెల్ అడుగుతోంది.

ఆవిడకి తన ముందుగది కనపడుతోంది. ఆ జనవరి ఆదివారం. కుర్చీలో కడుపు మీద చేతులు పెట్టుకుని కొత్త కోడలు ఓజెల్లా. కడుపులో బిడ్డ తన్నిందో, తనకే ఏదో తోచిందో, ఉన్నట్టుండి నోరారా నవ్వింది. గది అదిరింది. కాగితం మీద గీత వంకరపోయింది. వెర్డెల్ తలెత్తి, ముప్పై ఏళ్ళ వయసులో తనకున్న కరుకుతనమంతా గొంతులోకి తెచ్చుకుని ఒక మాట అంది.

"నోరు మూసుకోవే! అలా ఇకిలిస్తే నువ్వు హారియెట్‌వి కావు, జాడీ మూతవి."

ఓజెల్లా నోరు మూసుకుంది. చెయ్యి నెమ్మదిగా లేచి నోటి మీదికి వెళ్ళింది. "తప్పయిపోయింది టీచర్" అంది. వెర్డెల్ గీత దిద్దుకోవడంలో పడిపోయింది. చెయ్యి లేవడం చూసి, హమ్మయ్య, మాట వింది అనుకుంది కూడా. అంత గొప్ప బొమ్మ కుదిరిన ఆనందంలో ఆ మాట అప్పుడే మర్చిపోయింది. ఓజెల్లా మర్చిపోలేదు.

ఆ సాయంత్రం వెర్డెల్ కొత్త కాగితం పరిచి ఒక్క ఊపులో గీసింది. వెనక్కి వాలిన తల, చికిలించిన కళ్ళు, కళ్ళ చివర నీళ్ళు, నోటిని మూసేసిన ఎడమ చెయ్యి, వేళ్ళ పక్కనుంచి పొంగుకొచ్చిన బుగ్గలు. రొట్టెముక్క ముట్టుకోలేదు. స్ప్రే కొట్టింది. ఆవిడ గీసిన బొమ్మల్లో అంత బాగా వచ్చింది ఇంకోటి లేదు. ఆవిడ దాన్ని గోడ వైపు తిప్పి పెట్టేసింది.

శనివారం మందిరం నిండిపోయింది. తెల్ల గౌన్లు, తెల్ల చేతితొడుగుల సహాయకురాళ్ళు నడవాల్లో విసనకర్రలు పంచుతున్నారు. పేటిక పక్కన బొమ్మ. వరసలో ముందుకొచ్చిన ప్రతివాళ్ళూ పేటికలోకి చూసి కళ్ళు దించుకునేవాళ్ళు, తర్వాత బొమ్మ చూసేవాళ్ళు, వాళ్ళ చెయ్యి వాళ్ళకి తెలియకుండానే నోటి మీదికి వెళ్ళేది. "అదిగో మన ఓజెల్లా!" "బాబోయ్, ఇప్పుడే లేచొస్తుందేమో!" పాస్టరు గారు వాక్యం చదువుతూ బొమ్మ వైపు చూసి ఆగిపోయి, నవ్వేసి, చేతిరుమాలు తీసుకున్నారు. భూస్థాపనలో అంత నవ్వు కాల్టన్‌లో ఎవరూ ఎరగరు. వెనక వరస నుంచి ఎవరో, "మిస్ వెర్డెల్ చెయ్యి దేవుడిచ్చిన చెయ్యి" అన్నారు. వెర్డెల్ ఆ చెయ్యి కోటు జేబులో పెట్టుకుంది.

భోజనాలు మందిరం కింది గదిలో. వేయించిన కోడి, ఉడికించిన ఆకుకూర, చీజు మకరోనీ, వరసగా కేకులు. ఏ కేకూ ఓజెల్లాది కాదు. వెర్డెల్ ఒక బల్ల చివర కూర్చుని ప్లేటులో ఫోర్కుతో కెలుకుతోంది. అందర్నీ పలకరించి పలకరించి రోనెట్ వచ్చి పక్కన కూలబడింది, బూట్లలోంచి కాళ్ళు బయటికి లాక్కుంది.

"మీ రుణం తీర్చుకోలేను ఆంటీ. అమ్మని తెచ్చి పెట్టారు నాకు. డెట్రాయిట్‌లో ముందుగదిలో పెట్టుకుంటా."

"సరే తల్లీ."

"ఒకటి అడగనా? మీకు తెలిస్తే చెప్పండి. అమ్మ ఎందుకలా చెయ్యి అడ్డం పెట్టుకునేది? నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ అంతే. నా పెళ్ళికొచ్చినప్పుడు పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానన్నా, సిగ్గేమోనని. నా పళ్ళకేం, రాళ్ళు కొరికి పారేస్తా అంది. మరి ఎందుకమ్మా అంటే, అలవాటే అంది. ఎన్నిసార్లడిగినా అలవాటే."

వెర్డెల్ ముందు దారి తెరిచే ఉంది. అలవాటే తల్లీ, అంటే సరిపోయేది. ఓజెల్లా ఆ మాట సిద్ధం చేసి పెట్టి వెళ్ళింది. కూతురు బొమ్మ తీసుకుని వెళ్ళిపోయేది, క్రిస్మస్‌కి ఫోన్ చేసేది, ఎప్పుడైనా వచ్చేది. ఈ లోకంలో వెర్డెల్‌ని ఆంటీ అనే మనిషి ఇంకొకరు లేరు.

"నేనే చెప్పాను మూసుకోమని" అంది వెర్డెల్. జరిగింది జరిగినట్టు చెప్పింది. జాడీ మాట కూడా దాచలేదు. చెప్తున్నంతసేపూ ప్లేటు వైపే చూసింది.

రోనెట్ వేళ్ళ మీద ఏళ్ళు లెక్కేసుకుంది. చుట్టూ చెంచాల చప్పుడు, పిల్లల గోల.

"అప్పుడు నేను కడుపులో ఉన్నానా?"

"ఉన్నావు."

"నాకెప్పుడూ చెప్పలేదు. ఆ అలవాటు విషయంలో మీ పేరు కూడా ఎత్తలేదు. చెప్తే నేనూరుకోనని తెలుసు." రోనెట్ కేకుల వరస వైపు చూసింది. "ప్రతి ఆదివారం మీకు కేకు పంపేది ఆంటీ."

"ఔను. పంచదార ఎక్కువైందనేదాన్ని."

రోనెట్ ఆవిడ మొహంలోకి చూసింది. కోపం ఉంది గానీ, దాని మీదుగా ఇంకేదో వచ్చింది, ఆకలి లాంటిది. కుర్చీ దగ్గరికి జరిపింది.

"అయితే అమ్మ నోరు తెరిచి నవ్వగా నేను ఒక్కసారి కూడా చూడలేదన్నమాట. నాన్న లేడు, నాయనమ్మ లేదు, అమ్మ పుట్టింట్లోనూ ఎవరూ లేరు. చూసిన మనిషి మీరొక్కరే మిగిలారు. ఎలా ఉండేది? చెప్పండి ఆంటీ. నాకు బొమ్మ అక్కర్లేదు, ఊరికే చెప్పండి చాలు."

వెర్డెల్ చెప్పాలని నోరు తెరిచింది. ఏదైనా కల్పించి చెబుదామనుకుంది. పిల్లలకి ఎన్ని కథలు చెప్పలేదు? కానీ ఆ నుదురూ ఆ భుజాలూ ఎదురుగా పెట్టుకుని కల్పించడానికి నోరు పెగల్లేదు.

"నాకు తెలీదు తల్లీ. నేను చూసింది జాడీ మీది పళ్ళని. మీ అమ్మని చూళ్ళేదు."

రోనెట్ కుర్చీ వెనక్కి జరుపుకుంది. నాలుగు తిట్టినా బాగుండేది. బూట్లు తొడుక్కుని, "అందరూ వెళ్ళిపోతున్నారు, చెప్పొస్తా" అని లేచింది. ఆంటీ అనలేదు. వెర్డెల్ అక్కడే కూర్చుని ఉంది. ఒక్కొక్కరే వచ్చి ఆవిడ భుజం తట్టి, బొమ్మలో ఓజెల్లా అచ్చం ఓజెల్లాలాగే ఉందని మెచ్చుకుని వెళ్ళారు. వాళ్ళందరికీ ఆవిడ తలూపింది.